నా పాత అర్జీ మీద కట్టిన గోడ గురించి

బందరు,
తేది 19-1-2026, సోమవారం.

అర్జీలు చూచు పెద్ద ఆఫీసరు గారి సముఖమునకు,

అర్జీదారు: షేక్ ఖైరున్ బీ, భర్త కీ.శే. షేక్ నాగుల్ మీరా (కోర్టు బంట్రోతు, రిటైరు), వయస్సు 71, వృత్తి చేతి సేమియా, కాపురము కోనేరు సెంటరు వెనుక పాత బట్టల కొట్ల సందు.

ఎదురు పార్టీ: పై ఖైరున్ బీ.

అయ్యా,

విషయం: స్టూడెంటు హాస్టలు బిల్డింగు వారు మా డాబా వైపు కట్టిన గోడ, నేనే అర్జీ పెట్టి కట్టించుకొన్నది, దానిని తీయించుట గురించి. అర్జంటు.

తమరికి ముందుగా క్షమాపణ. ఎదురు పార్టీ దగ్గర నా పేరే ఉన్నదని పొరపాటనుకొని కాగితం పక్కన పెట్టవద్దు. పొరపాటు కాదు. ఫారంలో "ఎవరి మీద ఫిర్యాదు" అని ఒక గడి ఉన్నది. ఆ గడి ఖాళీగా వదిలితే కంప్యూటరు తీసుకోదని కిందటి సోమవారం తమ ఆఫీసు గుమాస్తా శామ్యూల్ రాజ్ గారు చెప్పినారు. బిల్డరు మీద రాద్దామంటే ఆయన ఆర్డరు ప్రకారమే కట్టినాడు. ఆఫీసు మీద రాద్దామంటే ఆఫీసు వారు నేను అడిగినది అడిగినట్టే చేసినారు. వారం రోజులు ఆలోచించి నా పేరు రాసినాను. ఇందువల్ల నా పింఛనుకు గాని రేషను కార్డుకు గాని ఏదైనా అవుతుందంటే ఆ గడి కొట్టివేసి మిగతాది చదవ ప్రార్థన.

నేను చదివినది ఐదో తరగతి. ఈ అర్జీ మాటలు మా ఆయన దగ్గర విన్నవి. ఆయన ముప్పై ఏళ్ళు కోర్టు గుమ్మంలో నిలబడి పేర్లు పిలిచినారు, ఇంటికి వచ్చి కూడా అదే భాష. మా మనవరాలు షిఫా ఫోనులో టైపు చేసి పంపుతానన్నది గాని, ఫోనులోంచి పోయిన కాగితం ఎక్కడ దిగుతుందో నాకు తెలియదు. అందుకని చేత్తో రాసినాను. దస్తూరీ తమరికి అర్థమగునో లేదోనని రెండుసార్లు రాసి, బాగున్నది పెట్టినాను.

1. మొదట మా పని సంగతి. నేనూ సీతమ్మా కలిసి చేతి సేమియా చేస్తాము. సీతమ్మ మా ఇంటికి రెండిళ్ళ అవతల ఉంటుంది. చర్చి వాళ్ళు. నాకన్నా రెండేళ్ళు పెద్ద. ఆమె నన్ను వదినా అంటుంది, నేనూ ఆమెను వదినా అంటాను. మా అత్తగారు ఇచ్చిన ఇత్తడి మిషను ఉన్నది. ఆమె పిడి తిప్పుతుంది, నేను కింద దారాల్లా దిగే పోగులను పట్టుకొని తెంపి వెదురు కర్రల మీద వేస్తాను. రంజానుకు ముందు రెండు నెలలు మాకు పని. ఆ రెండు నెలల పని మీదే మా రెండు పొయ్యిలూ ఏడాదంతా వెలగాలి. ఈ పేటలో పండుగనాడు పాలలో పడే సేమియా మా డాబా మీద ఆరినదే.

సేమియాకు కావలసినవి పిండి, ఉప్పు, నీళ్ళు, ఎండ. మొదటి మూడూ కొనుక్కోవచ్చును. పొద్దున పదింటికి కర్ర మీద వేసిన పోగు మూడింటికల్లా ఎండి, వేలు తగిలితే టక్కున విరగాలి. మన ఊరి గాలి సముద్రపు గాలి, సాయంత్రమైతే చెమ్మ దిగుతుంది. ఆ పూట ఎండనిది ఇక ఎండదు. మర్నాటికి పులుపు వాసన పట్టుకొంటుంది. నేతిలో ఎంత వేయించినా ఆ వాసన పోదు.

2. మా సందుకు దక్షిణాన ఒక పాత గోడౌను ఉండేది. దానిని ఒక బిల్డరు గారు కొని పడగొట్టి, కింద కొట్లు, పైన నాలుగు అంతస్తులు చదువుకొనే పిల్లల గదులు అని బోర్డు పెట్టినారు. కింద సూపరు మార్కెట్టు, సెల్‌ఫోన్ల కొట్టు, జ్యూసు షాపు. పైన "స్టూడెంట్ లివింగ్". బోర్డు మీద ఒక కుర్రవాడు చెవుల్లో వైర్లు పెట్టుకొని మా డాబా వైపు చూసి నవ్వుతున్న బొమ్మ. ఆ బొమ్మ చూసిన రోజు నుంచి నాకు అన్నం సహించలేదు.

అయ్యా, నా భయం ఎటువంటిదో తమరికి చెప్పాలి. మేము డాబా మీద పని చేసేటప్పుడు కొంగు నడుముకు చెక్కి, చేతులు మోచేతి దాకా పిండితో ఉంటాము. మాతో షిఫా కూడా ఉంటుంది, దానికి ఇరవై ఏళ్ళు. పైనుంచి నాలుగు అంతస్తుల కుర్రవాళ్ళు చూస్తూ ఉంటే ఎట్లా. సిగరెట్టు పీకలు పోగుల మీద పడితే ఎట్లా. తడి బట్టలు పిండితే ఎట్లా. వాళ్ళ నీళ్ళ ట్యాంకు పగిలితే ఎట్లా. సీతమ్మ విసుక్కొన్నది. ఆమె అన్న మాట ఇది: "వదినా, ఇంకా పునాది కూడా తవ్వలేదు, నువ్వు అప్పుడే ట్యాంకు పగలగొట్టేశావు."

నేను వినలేదు.

3. నిరుడు మార్చి నెలలో, స్లాబులన్నీ పడినాక, నేను తమ ఆఫీసులో మొదటి అర్జీ ఇచ్చుకొన్నాను. అందులో పధ్నాలుగు అంశాలు. అన్నీ ఇక్కడ రాయను, కాపీ జతపరచినాను. ముఖ్యమైనది నాలుగో అంశం. ఆ బిల్డింగు రెండు ముక్కలుగా లేచినది. కుడి వైపు ఒక భాగం, ఎడమ వైపు ఒక భాగం, నడుమ ముప్పై అడుగుల ఖాళీ. ఆ ఖాళీలో, కింద కొట్ల పైకప్పు మీద, పిల్లలు కూర్చొనేందుకు అరుగులు కట్టినారు. అది సరిగ్గా మా డాబాకు ఎదురు. కుర్రవాళ్ళు సాయంత్రాలు అక్కడ చేరతారని, మా వైపే చూస్తారని, "కావున సదరు ఖాళీని గోడతో పూర్తిగా మూయించి, మా వైపు ఒక్క కిటికీ కూడా లేకుండా చేయించవలెను" అని రాసినాను. ఆ వాక్యం మా ఆయన రాసినట్టే వచ్చిందని రెండు మూడుసార్లు చదువుకొని సంతోషపడినాను కూడా.

తొమ్మిదో అంశం, "పరాయి మనుషులను, ముఖ్యముగా పనిలేని వారిని, పై అంతస్తులకు రానివ్వరాదు" అని.

4. నా జన్మలో నేను అడిగినది ఎవరూ ఇంత త్వరగా చేయలేదు. ఇద్దరు ఆఫీసర్లు వచ్చి మా డాబా ఎక్కి చూసినారు. కుర్చీ వేస్తే కూర్చోలేదు, మంచినీళ్ళు మాత్రం తాగినారు. నెల తిరగకుండా ఆర్డరు వచ్చినది. జూన్‌కల్లా గోడ లేచినది. బిల్డరు గారు ఎటూ మూయాలి కదా అని ప్లాను మార్పించుకొని, ఆ ఖాళీలో గోడ వెనక నాలుగు అంతస్తులకూ కలిపి పన్నెండు గదులు వేయించుకొన్నారు. వారి సూపరువైజరు కిరణ్ కుమార్ అనే అతను ఒక పెట్టె లడ్డూలు తెచ్చి ఇచ్చి, "మామ్మగారూ, మీ పుణ్యాన మాకు పన్నెండు రూములు కలిసొచ్చాయండీ" అని నవ్వుతూ దండం పెట్టినాడు. నేనూ నవ్వినాను. ఆ లడ్డూలు సందులో అందరికీ పంచినాను.

అప్పుడు జూన్. సూర్యుడు నడినెత్తిన ఉన్నాడు. డాబా నిండా ఎండే. గోడ వల్ల ఒక్క అడుగు కూడా నీడ పడలేదు.

తమ ఆఫీసు నుంచి ఫోను వచ్చినది. రికార్డు చేసిన ఆడగొంతు, తమ సమస్య పరిష్కారమై తమరు తృప్తి చెందితే ఒకటి నొక్కండి అన్నది. నొక్కినాను. సరిగా పడిందో లేదోనని మళ్ళీ నొక్కినాను.

5. నవంబరు నుంచి డాబా మీద వెలుతురు తగ్గినది. మొదట మబ్బు అనుకొన్నాను. తరువాత నా కళ్ళు అనుకొన్నాను. మా అమ్మకు డెబ్బై దాటగానే కళ్ళు పోయినవి, నాకూ వంతు వచ్చిందని షిఫాను వెంటబెట్టుకొని కంటి డాక్టరు దగ్గరకు పోయినాను. ఆయన చుక్కలు వేసి, లైటు వేసి చూసి, ఈ వయసుకు మీ కళ్ళు బ్రహ్మాండం అన్నాడు. అక్కడ నేను సంతోషించలేదు. కళ్ళు బాగుంటే మరి ఏది పోయినట్టు అని ఇంకా భయం పట్టుకొన్నది.

డిసెంబరు ఆఖరి వారంలో మొదటి పిండి కలిపినాము. పదింటికి పోగులు వేసినాము. పదకొండయినది, పన్నెండయినది. డాబా మీద చలి. సీతమ్మ పిడి వదిలేసి లేచి, డాబా చివరకు పోయి, తల ఎత్తి గోడను చూసి అన్నది:

"వదినా, నిరుడు ఎండ ఎక్కడి నుంచి వచ్చింది?"

నేను ఆకాశం నుంచి అన్నాను.

"కాదు వదినా. ఆ ఖాళీలోంచి వచ్చింది."

అయ్యా, చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలతాడని నాకు తెలియనిది కాదు. యాభై ఏళ్ళుగా కర్రలు అటు ఇటు జరుపుకొంటున్నదాన్ని. నిరుడు కూడా ఆ బిల్డింగు స్లాబులు లేచి ఉన్నాయి, అయినా పదింటి నుంచి రెండున్నర దాకా ఎండ వచ్చినది, సేమియా ఆరినది. ఆ ఎండ ఆ ముప్పై అడుగుల లోంచి వస్తున్నదని నాకు తట్టలేదు. నేను ఆ ఖాళీలో రాబోయే కుర్రవాళ్ళనే చూస్తూ ఉన్నాను.

6. ఈ నంబరు కింద నన్ను నేను తిట్టుకొన్నది రాసినాను. ఆఫీసు కాగితంలో అటువంటివి ఉండకూడదని షిఫా కొట్టివేయించినది.

7. కిరణ్ కుమార్ దగ్గరకు పోయినాను. అతను చెడ్డవాడు కాదు. ఫోనులో మొదటి ప్లాను తీసి చూపించినాడు. ఆ ఖాళీ మీద ఇంజనీరు ఇంగ్లీషులో ఏదో రాసి ఉన్నాడు. అదేమిటి నాయనా అంటే, "గాలీ వెలుతురూ అని రాశాడండీ. మా గదులకీ వెనక ఇళ్ళకీ కలిపి వదిలాడు" అన్నాడు. నా కోసం వదిలిన దానిని నేనే మూయించినట్టు. అతను ఆ మాట అనలేదు, నాకే అనిపించినది.

గోడ తీయడం కుదరదన్నాడు. తీయాలంటే పన్నెండు గదులు తీయాలి, అందులో మనుషులు ఉన్నారన్నాడు. అయితే మీ బిల్డింగు పైకప్పు మీద బోలెడంత ఎండ ఉంది కదా, లిఫ్టు కూడా ఉంది, ఈ రెండు నెలలు మమ్మల్ని అక్కడ ఆరబెట్టుకోనివ్వు నాయనా అని అడిగినాను. అతను తల గోక్కొని, "మామ్మగారూ, నాకైతే అభ్యంతరం లేదండీ. మీ అర్జీలో తొమ్మిదో అంశం ఉంది కదా. ఆర్డరు కాపీ గేటు దగ్గర అంటించాం. వాచ్‌మన్ అది చూపించే అందరినీ ఆపుతున్నాడు" అన్నాడు.

పోయి చూసినాను. అంటించి ఉన్నది. పైన ప్లాస్టిక్ కాగితం వేసి జాగ్రత్తగా అంటించినారు.

8. ఇంకా చేసిన ప్రయత్నములు. ఫ్యాను కింద ఆరబెట్టినాము, పోగులు ఒకదానికొకటి అంటుకొని ముద్దయినవి. ఈద్గా దగ్గర ఖాళీ స్థలంలో వేసినాము, మేకలు వచ్చినవి. సీతమ్మ వాళ్ళ పాస్టరు గారిని అడిగితే పాపం చర్చి డాబా వాడుకోమన్నారు. మిషను రిక్షాలో వేయించుకొని పోయి రెండు రోజులు అక్కడ చేసినాము. నా సేమియా చర్చి మీద ఆరిందని ఎవరైనా ఏమైనా అంటారేమోనని నాకు బెంగ, సీతమ్మకు తన బెంగ. ఎవరూ ఏమీ అనలేదు. మూడో రోజు అక్కడ పెళ్ళి, డాబా మీద వంటవాళ్ళు దిగినారు. తరువాత ఉపవాస కూడికలు. వాళ్ళ పని వాళ్ళకు ఉంటుంది కదా.

9. అన్నిటికన్నా నన్ను కుంగదీసినది ఇది. మా పేటలో గాజుల కొట్టు పెట్టుకొన్న తబ్రేజ్ అనే అతను ఉన్నాడు. వాళ్ళ అమ్మమ్మ కాలం నుంచి మా సేమియానే వాడతారు. నేను డిసెంబరులో ఆరీ ఆరని దానిని, బాగానే ఉందిలే అని నా మనసుకు నేను చెప్పుకొని, వాళ్ళింటికి పంపినాను. అది తప్పు. నాలుగు రోజులకు అతనే వచ్చినాడు. సంచి గుమ్మం పక్కన పెట్టి, చెప్పులు విప్పి లోపలికి వచ్చి కూర్చొని, మంచీ చెడూ అడిగి, లేచేటప్పుడు అన్నాడు (నానీ అంటే మాలో అమ్మమ్మ):

"నానీ, ఈసారికి అమ్మీ ప్యాకెట్టు తెచ్చుకుంటానంది. మీరు కూడా పెద్దవాళ్ళయ్యారు, కాస్త విశ్రాంతి తీసుకోండి."

కోపంగా అని ఉంటే బాగుండేది. ఆ ప్యాకెట్టు ఎక్కడిదో కూడా నాకు తెలుసు. బిల్డింగు కింద సూపరు మార్కెట్టులో, గుమ్మంలోకి పోగానే కుడి చేతి వైపు, ముందే వేయించి అమ్ముతున్నారు. ఆ తరువాత ఆరు ఇళ్ళ వారు అట్లాగే మర్యాదగా చెప్పి పోయినారు. రంజాను ఇక నెల రోజులు.

10. ఇది ఫిర్యాదు కాదు, తమకు తెలియాలని రాస్తున్నాను. ఆ హాస్టలులోకి వచ్చినది కుర్రవాళ్ళు కాదు. ఆడపిల్లలు. నర్సింగు చదివే పిల్లల కోసం ఒక కాలేజీ వారు మొత్తం తీసుకొన్నారట. బోర్డు మీది బొమ్మ ఎక్కడో హైదరాబాదులో కొన్న బొమ్మ అట. ఎవరికి ఇస్తారని నేను ఒక్కసారి అడిగి ఉంటే సరిపోయేది. సీతమ్మ నన్ను అడిగినది, "పధ్నాలుగు రాశావు గదా వదినా, ఆ ఒక్కటీ అడిగావా" అని. ఆ రోజు మాత్రం ఆమె నవ్వలేదు.

ఆ పిల్లల్లో సుచిత్ర అని ఒక అమ్మాయి ఉన్నది. కృత్తివెన్ను వైపు పిల్ల, తండ్రి రొయ్యల చెరువుల మీద కాపలా పని. సూది దారం కావాలని సీతమ్మ ఇంటికి వచ్చి, ఆమె వెంట మా డాబా ఎక్కినది. గోడ వంక చూసి, "మామ్మగారూ, మా గోడ అవతల ఉండేది మీరేనా" అని అడిగినది. మూడో అంతస్తులో గోడ వెనక గది అట. ఒక్క కిటికీ లేదు. తడి తువ్వాలు మూడు రోజులైనా ఆరదట. "అలారం మోగితే లేస్తామండీ. బయట తెల్లారిందో లేదో తలుపు తీస్తేగాని తెలీదు" అన్నది. నవ్వుతూనే అన్నది. చదువుకొనే పిల్ల, కళ్ళ కింద నల్లగా ఉన్నవి.

ఆ గోడ నేనే కట్టించినానని ఆ పిల్లకు చెప్పలేదు. తమరికి చెబుతున్నాను.

కావున తమరిని వేడుకొనునది ఏమనగా:

నా మొదటి అర్జీని, అందులోని పధ్నాలుగు అంశములతో సహా, నేను వెనక్కు తీసుకొంటున్నాను. తీసుకొనుటకు వీలులేదని, ఒకసారి పరిష్కరించబడినదని ముద్ర పడినది మళ్ళీ తెరుచుకోదని శామ్యూల్ రాజ్ గారు చెప్పినారు. అయినను రాస్తున్నాను.

గోడ తీయించగలరని మొదట రాయదలచినాను, పైన విషయంలో రాసినాను కూడా. కాని గోడ తీస్తే ఆ పన్నెండు గదుల పిల్లలు ఎక్కడికి పోతారు. బందరులో గదులు దొరకడం ఎంత కష్టమో షిఫా స్నేహితురాళ్ళను చూస్తున్నాను. వాళ్ళను ఖాళీ చేయించి నాకు ఎండ ఇవ్వవద్దు. ఆ పాపం కూడా నేను మోయలేను.

గోడ ఉంచే పక్షాన, అందులో గదికి ఒక కిటికీ చొప్పున పెట్టించుటకు ఉత్తర్వు ఇప్పించగలరు. దానివల్ల నాకు ఎండ రాదు. సీతమ్మ కూడా అదే అన్నది, నీకు ఒరిగేదేమిటి వదినా అని. నాకు తెలుసు. వాళ్ళు మా వైపు చూస్తే చూడనివ్వండి.

తొమ్మిదో అంశమును మా ఇద్దరు ముసలివాళ్ళ మట్టుకు సడలించి, రంజాను వరకు మాత్రము ఆ బిల్డింగు పైకప్పు మీద వెదురు కర్రలు వేసుకొనుటకు అనుమతి ఇప్పించగలరు. లిఫ్టు వద్దంటే మెట్లు ఎక్కుతాము. ఐదు అంతస్తులు సీతమ్మ ఎక్కలేదు, ఆమె కింద తిప్పితే నేను పోగులు పట్టుకొని ఎక్కుతాను. మధ్యలో పోగులు తెగుతాయి. అయినా ఎక్కుతాను. సంతకం ఎక్కడ పెట్టమంటే అక్కడ పెడతాను, ఈసారి ఏమి రాసి ఉన్నదో షిఫా చేత చదివించుకొని పెడతాను.

ఇవేవీ కాకపోతే, ఇంకేదైనా తమ ఆలోచనకు వస్తే అది. నా ఆలోచన పనిచేయడం లేదు. పనిచేసినప్పుడు ఏమైనదో తమరు పైన చదివినారు.

నాకు తెలిసినంత వరకు రాసినాను, తెలియనిది తమరు తెలుసుకొని, ఇద్దరు ముసలివాళ్ళ గోడుగా చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయురాలు, మరియు ఎదురు పార్టీ,
షేక్ ఖైరున్ బీ.

జత: మొదటి అర్జీ కాపీ 1, ఆర్డరు కాపీ 1 (గేటు దగ్గర నుంచి షిఫా ఫోటో తీసినది), కంటి డాక్టరు చీటీ 1.

తా.క. ఇది తమ ఆఫీసు వరండాలో బెంచీ మీద కూర్చొని కాగితం వెనక రాస్తున్నాను. ఇంకు వేరుగా ఉన్నందుకు మన్నించాలి, పెన్ను శామ్యూల్ రాజ్ గారిది.

ఆయన అర్జీ అంతా చదివినారు. మధ్యలో కళ్ళజోడు తీసి తుడుచుకొన్నారు. పైకప్పు సంగతి కాలేజీ వారు ఒప్పుకోరు, ఆడపిల్లల హాస్టలు, వారి భద్రత రూల్సు వేరే ఉన్నాయి అన్నారు. కిటికీల సంగతి కమిటీలో పెడతారట, ఎప్పుడో తెలియదట. తరువాత నన్ను చూసి జాలిపడి, "మామ్మగారూ, వేసవిలో ఎండ నడినెత్తికి వస్తుంది గదా. అప్పుడు మీ డాబా మీద ఎప్పట్లాగే పడుతుంది. కాస్త ఓపిక పట్టండి" అన్నారు. ఆయన అంత మంచిగా చెప్పేసరికి నేను అలాగేనండీ అని తల ఊపి బయటకు వచ్చినాను.

వచ్చి కూర్చొన్నాక వేళ్ళ మీద లెక్క వేసుకొన్నాను. మా నెలలు చంద్రుని నెలలు. రంజాను ఏటా పది పదకొండు రోజులు ముందే వస్తుంది. ఆరేడేళ్ళ కిందట మేము సేమియా వేసేటప్పుడు ఎండకు డాబా మీద కాలు పెట్టలేకపోయేవాళ్ళము. ఇప్పుడు ఫిబ్రవరికి వచ్చినది. వచ్చే ఏడు ఇంకా ముందు, ఆ పైన జనవరి, డిసెంబరు, నవంబరు, అంతా ఈ నీడలోనే. ఆ తరువాత వానల్లోకి దిగుతుంది. మళ్ళీ మే నెల ఎండలో మేము పోగులు వేసే రోజు రావాలంటే ఇరవై రెండేళ్ళో ఇరవై మూడేళ్ళో పడుతుంది. అప్పటికి నాకు తొంభై నాలుగు. సీతమ్మకు తొంభై ఆరు.

నేను తల ఊపినానని ఆయన నా సమ్మతిగా రాసుకొని ఉంటారేమో. దయచేసి అది కొట్టివేయించగలరు.

ఈ కాగితం చదివితే తమరు ఈ పూటే ఏదో ఒకటి చేస్తారని పొద్దున సీతమ్మ నమ్మినది. నేను వద్దన్నా వినలేదు. నువ్వు వెళ్ళి వచ్చేసరికి నానుతుందని పిండి కలిపి, తడిగుడ్డ కప్పి, మిషను పక్కన కూర్చొన్నది. ఇప్పుడు పన్నెండు కావస్తున్నది. నా వెంట వచ్చిన షిఫా ఆమెకు ఫోను చేస్తే, "బయలుదేరిందా" అని అడిగిందట. కలిపిన పిండి సాయంత్రం దాకా ఆగదు. ఆమెతో ఏమని చెప్పాలో తమరే ఒక ముక్క రాసి ఇప్పిస్తే, అది తీసుకొని పోతాను. ఇక్కడే బెంచీ మీద ఉన్నాను.